తమ్ముడు గంజాయి కేసులో జైల్లో ఉన్నాడు, లాయర్ని ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు, కిరాయికి కారు తోలతాడు. శుక్రవారం రాత్రి నర్సీపట్నం వైపు నుంచి ఇద్దర్ని ఎక్కించుకుని వస్తుంటే హైవే మీద ఆపారు, డిక్కీలో 23 కిలోల గంజాయి దొరికిందన్నారు. వీణ్ని ఏ3 (మూడో నిందితుడు) చేసి ఆదివారం కోర్టులో పెట్టారు, ఇప్పుడు విశాఖ సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. ఒక లాయరు రెండు లక్షలిస్తే వారంలో బెయిలు తెస్తానంటున్నాడు, నాన్న పొలం తాకట్టు పెడదామంటున్నాడు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లాయరైతే కేసు పోయినట్టేనని ఊళ్లో అంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఓ అక్క, తుని

జవాబు: ముందు ఆ తాకట్టు ఆపండమ్మా. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల కేసుల చట్టంలో, గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కింద లెక్క, నేరం రుజువైతే శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. బెయిలుకు కూడా 37వ సెక్షన్ అడ్డం ఉంటుంది, ఇతను నేరం చేసి ఉండడని నమ్మడానికి తగిన ఆధారం కనిపిస్తేనే జడ్జి ఇవ్వగలరు. అలాంటి కేసులో వారంలో తెస్తాననే మాట బ్రోకర్లు చెప్పేది, లాయరు చెప్పేది కాదు.

డబ్బుకంటే ముందు కాగితాలు తెచ్చుకోండి. ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, మధ్యవర్తుల రిపోర్టు (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసేది), అరెస్టుకు కారణాలు రాసిచ్చిన కాగితం. అసలు అది ఇచ్చారో లేదో కూడా చూడాలి, రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు ఈ మధ్య గట్టిగానే చెబుతోంది. శుక్రవారం రాత్రి పట్టుకుని ఆదివారం కోర్టుకు తెచ్చారంటే, అరెస్టు చేసినవాళ్లను కోర్టులో పెట్టాల్సిన 24 గంటల గడువు దాటినట్టే కదా, మరి కాగితాల్లో అరెస్టు ఎప్పుడు చూపించారు? దారిలో టోల్‌ప్లాజా కెమెరాల్లో కారు ఎన్నింటికి పడిందో తేలితే చాలా ఉపయోగం, కానీ ఆ రికార్డింగ్ కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి దాన్ని భద్రపరచమని కోర్టులో వెంటనే పిటిషన్ వేయించండి.

మీ కేసులో కీలకం ఆ 23 కిలోలే. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. అవి లేని ఉత్త ఆకులు, గింజలు లెక్కలోకి రావు. గోనెసంచితో సహా తూచారా, కాడలూ ఆకులూ కలిపేశారా, మేజిస్ట్రేటు ముందు శాంపిళ్లు తీశారా? బరువు 20 లోపుకి వస్తే 37వ సెక్షన్ ముడి చాలావరకు వదులుతుంది. తనిఖీలో గెజిటెడ్ ఆఫీసరు లేడు కాబట్టి కేసు కొట్టేస్తారని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి, ఆ 50వ సెక్షన్ ఒంటిమీద వెతికినప్పుడే, డిక్కీకి వర్తించదు.

సంతకాల గురించి అంత టెన్షన్ వద్దు. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నట్టు రాసినా అది సాక్ష్యంగా చెల్లదు. అయితే ఈ చట్టంలో ఒక మెలిక ఉంది, సరుకు తన ఆధీనంలో దొరికిందని తేలితే తనకు తెలియదని చూపించుకోవాల్సింది నిందితుడే. కాబట్టి కిరాయి మాట్లాడిన కాల్స్, ఫోన్‌పేలో పడిన అడ్వాన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ పోగేయండి. దేన్నీ డిలీట్ చెయ్యొద్దు. ఏ1 తాలూకు వాళ్లు వచ్చి 'మా లాయరే మీవాడికీ చూస్తాడు' అంటే దండం పెట్టి పంపించెయ్యండి, 'సరుకు వాళ్లది, నాకేం తెలీదు' అనాల్సిన మీ తమ్ముడి మాట ఆ లాయరు నోట ఎలా వస్తుంది?

ఇక ప్రభుత్వ లాయరు సంగతి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, అక్కడ అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి, జైలు నుంచి మీ తమ్ముడే అర్జీ పెట్టుకోవచ్చు కూడా. అక్కడి డిఫెన్స్ కౌన్సిళ్లు, అంటే నిందితుల తరఫున వాదించే లాయర్లు, చూసేదే క్రిమినల్ కేసులు, ఊళ్లోవాళ్ల మాట పట్టించుకోకండి. కాదు, ప్రైవేటు లాయరే కావాలంటే తర్వాతైనా మార్చుకోవచ్చు. ఎన్‌డీపీఎస్ కేసులు ఎన్ని నడిపాడో అడిగి, ఫీజు దశలవారీగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకొక్కటి. ఈ పరిమాణంలో కేసుకి 180 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, గడువు పెంచమని ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతి తెచ్చుకోకపోతే, బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అది దానంతటదే రాదు, చార్జిషీటు పడేలోపే పిటిషన్ వెయ్యాలి. మొదటి రిమాండు పడిన ఆ ఆదివారం నుంచి లెక్కపెట్టి, ఇంట్లో క్యాలెండరు మీద తేదీ రాసిపెట్టుకోండి.