పాఠకుల ప్రశ్నలు: సొంతంగా కంప్యూటరు నేర్చుకుంటున్నవారికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, గురువు లేకుండా ఇంట్లో కూర్చుని కంప్యూటరు నేర్చుకుంటున్న పిల్లల గురించినవి. వాటిలో ఒకదాన్ని ఒక తల్లి రాశారు. నలుగురూ ప్రశ్నలు ఎంతో శ్రద్ధగా రాశారు కనుక ఈ పేజీ మొత్తం ఆ నలుగురికే కేటాయిస్తున్నాను.

నమస్కారం మాస్టారూ. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాను. మా బాబాయి వాడి పక్కన పెట్టిన డెస్క్‌టాప్ నాకు ఇచ్చారు. స్విచ్చి వేసిన ప్రతిసారీ దాని తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. అప్పుడు ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వస్తోంది. తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి, మర్నాడు మళ్లీ మామూలే. షాపులో అడిగితే వైరస్ అని, ఫార్మాట్ చేయాలని అన్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, నర్సీపట్నం

వైరస్ కాదు, ఫార్మాట్ చేయించవద్దు. తేదీ సరిచేయగానే సైట్లు తెరుచుకుంటున్నాయని మీరే రాశారు. అంటే సగం జవాబు మీరే కనుక్కున్నారు: లోపం తేదీలోనే ఉంది.

కంప్యూటరు ఆపేసి ప్లగ్గు తీసేసినా లోపలి గడియారం నడుస్తూనే ఉండాలి. అందుకోసం మదర్‌బోర్డు అనే ప్రధాన సర్క్యూట్ బోర్డు మీద బిళ్లలాంటి చిన్న సెల్లు ఒకటి ఉంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. అది 3 వోల్టుల లిథియం సెల్లు. ఆ సంఖ్యలో 20 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. కొన్నేళ్లకు అది అయిపోతుంది. ఆ తరువాత కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం తయారీ సమయంలో పెట్టిన మొదటి తేదీకి వెళ్లిపోతుంది. ఇక సైట్ల సంగతి. సురక్షితమైన ప్రతి సైటూ తన గుర్తింపు కోసం బ్రౌజరుకు ఒక ధ్రువపత్రం చూపిస్తుంది, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో ఆ పత్రంలోనే ఉంటుంది. మీ కంప్యూటరు లెక్కలో ఆ మొదటి తేదీ ఇంకా రానేలేదు కనుక బ్రౌజరు ఆ పత్రాన్ని నమ్మడం లేదు.

కొత్త సెల్లు వంద రూపాయల లోపే దొరుకుతుంది. ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, ఆ తరువాత క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు పక్క మూత తీయండి. ప్లస్ గుర్తు ఉన్న వైపు పైకి ఉండేలా సెల్లు పెట్టి, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి తేదీ సరిచేయండి. కరెంటు తీగ వచ్చి చేరే పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. తీసిన పాత సెల్లును చిన్నపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

మూత ఎలాగూ తీస్తున్నారు కనుక ఇంకొకటి చెబుతాను. ఆ గడియారాన్ని నడిపేది గోరుకన్నా చిన్నదైన ఒక క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్య ఎందుకో కాగితం మీద సగం చేసుకుంటూ వెళ్లి చూడండి: 16,384, ఆ తరువాత 8,192, ఆ తరువాత 4,096... సరిగ్గా పదిహేనోసారికి 1 మిగులుతుంది. సగం చేయడం ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌కు అతి తేలికైన పని. అలా పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క టిక్కు వస్తుంది. మీ ఎం.పి.సి. పుస్తకంలోని రెండు ఘాతం పదిహేను ఆ బోర్డు మీద రాత్రింబగళ్లు పనిచేస్తోంది.

మాస్టారికి నమస్కారాలు. నేను తొమ్మిదో తరగతి. అక్క ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే "లెన్"కు "తెలుగు" అని ఇస్తే 6 అంటోంది. మూడే కదా? తిరగేసి రాయించాను, మొదట్లో చుక్కల సున్నా ఒకటి వచ్చింది. నా ప్రోగ్రాంలో తప్పేమిటి?
— ఒక విద్యార్థిని, జనగామ

నీ ప్రోగ్రాంలో తప్పేమీ లేదమ్మా. ఈ ఉత్తరం చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కంప్యూటరు ఇచ్చిన జవాబు నీ భాషతో పొసగలేదని గమనించి, ఎందుకని అడగడం తొమ్మిదో తరగతిలోనే నీకు పట్టుబడింది.

మనం చూసే అక్షరం వేరు, కంప్యూటరు దాచుకునే గుర్తు వేరు. ప్రపంచంలోని లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు ఉన్నాయి. హల్లుకొక గది, గుణింతపు గుర్తుకొక గది. "తె" నీకు ఒకే అక్షరం. కంప్యూటరుకు మాత్రం అది త (3108), దాని వెంట ఎత్వం (3142). అలాగే ల, కొమ్ము, గ, కొమ్ము. మొత్తం ఆరు. ఇప్పుడు "స్త్రీ" అని ఇచ్చి చూడు. పలుకులో ఒక్క అక్షరం, లెక్కలో మళ్లీ ఆరే: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బడిలో ఒత్తులు, గుణింతాలు నేర్చుకున్నప్పుడు మనం విడదీసి చెప్పిన పద్ధతే ఇది.

చుక్కల సున్నా ఎందుకు వచ్చిందో కూడా ఇందులోనే ఉంది. తిరగేసినప్పుడు చివరి కొమ్ము మొదటికి వచ్చింది. కొమ్ము ఎప్పుడూ తనకు ముందున్న హల్లును పట్టుకునే నిలబడాలి; ముందు ఏ హల్లూ లేదు కనుక, ఇక్కడ ఒక హల్లు ఉండవలసిందని చూపడానికి ఆ చుక్కల వలయం గీస్తారు. ఆ వెనుక వచ్చిన కొమ్ము గ-ను పట్టుకుంది, ఎత్వం ల-ను పట్టుకుంది. అందుకే నీకు "గులెత" అని కనిపించి ఉంటుంది. నువ్వు ఆశించిన "గులుతె" కాదు.

మరో రెండు ప్రయోగాలు చెబుతాను. "ఆర్డ్" అనే ఫంక్షన్ అక్షరానికి సంఖ్య చెబుతుంది, "సీహెచ్ఆర్" అనేది సంఖ్యకు అక్షరం ఇస్తుంది. "క" సంఖ్య 3093. దానికి 128 కలిపి తిరిగి అక్షరంగా మార్చు, కన్నడ క వస్తుంది. 3093 నుంచి 768 తీసేస్తే దేవనాగరి క వస్తుంది. చాలా భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చిన ఇస్కీ అనే మన దేశపు ప్రమాణం ఒకటి ఉంది. దాని 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకుని 1991లో యూనికోడ్‌లో మన గదులు కట్టారు. అందుకే పక్కింటి లిపికి వెళ్లడానికి కూడిక చాలు. యూనికోడ్ వాడకానికి ముందు పత్రికాఫీసుల్లో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలు దాచే ఫాంట్లు వాడేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మా వ్యాసాలు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించేవి. ఆ అవస్థ నేను చాలాకాలం పడ్డాను కనుకే ఈ సంఖ్యల మీద నాకు ఇంత అభిమానం.

నిజమైన అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాం నువ్వే రాయి. అచ్చులనూ హల్లులనూ లెక్కపెట్టు. వెంటనే మరో హల్లు వచ్చిన పొల్లులు ఎన్ని ఉన్నాయో చూసి ఆ సంఖ్యను మొత్తంలోంచి తీసేయి. "స్త్రీ"లో హల్లులు 3, అటువంటి పొల్లులు 2, మిగిలింది 1. "అమ్మ"కు 2 రావాలి. "కంప్యూటర్"కు 4 వచ్చిందంటే చివరి పొల్లును సరిగ్గా వదిలిపెట్టావన్నమాట. ఆ ప్రోగ్రాం నాకు పంపించు.

అయ్యా, నేను డిగ్రీ రెండో సంవత్సరం బి.కాం. చదువుతున్నాను. ఆరు నెలలుగా సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో చేరి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఇదంతా వృథా అని అందరూ అంటున్నారు. పైగా నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, మదనపల్లె

మీ వయసులో నేనూ అప్పు చేసి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పాతికమందికి పనిచేసే కంప్యూటర్లు రెండు. ఆదేశాలన్నీ నల్లబల్ల మీద రాసి వల్లె వేయించేవారు. సర్టిఫికెట్ ఇచ్చేనాటికి నా చేతులతో నేను కీబోర్డు మీద గడిపిన సమయం కొద్ది గంటలే. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని నేను అనను. ఓపికగా తప్పులు దిద్దే గురువు దొరికితే ఫీజు కట్టి చేరవలసిందే. చేరేముందు ఒక్క విషయం తేల్చుకోండి: రోజుకు ఎన్ని గంటలు మీ చేతికి కంప్యూటరు ఇస్తారు? పాఠాలకైతే డబ్బు అక్కర్లేదు. ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రమే పరీక్ష ఫీజు కడతారు.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ చిన్నతనంలో, హెల్సింకీలో, తాతగారు కొన్న కమోడోర్ విక్-20 అనే చిన్న కంప్యూటరు మీద ప్రోగ్రాములు కొడుతూ నేర్చుకున్నారు. దాని మెమరీ 5 కిలోబైట్లు. 1991లో, 21 ఏళ్ల వయసులో, తాను రాస్తున్నదాన్ని అందరికీ తెలియజేశారు. ఆయన పేరు చెప్పి చదువు మానేయమనే వారి మాట వినకండి. అప్పటికి ఆయన విశ్వవిద్యాలయ విద్యార్థి, ఆ పని ముందుకు సాగింది కూడా తప్పులు చూపి దిద్దిన వేరేవాళ్ల సాయంతోనే. మీరు కూడా బి.కాం. పూర్తి చేయండి. డిగ్రీ లేనిదే దరఖాస్తు చూడని ఉద్యోగాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. పైగా పద్దులు తెలిసినవాడు రాసే ప్రోగ్రాంకు విలువ ఎక్కువ. ఇవాళే మీ వీధిలోని కిరాణా కొట్టు అరువు ఖాతా తీసుకుని, ఎవరు ఎంత బాకీయో చెప్పే చిన్న ప్రోగ్రాం రాసి, ఆ కొట్టాయన చేత ఒక నెల వాడించండి. ఆయన అడిగే మార్పులు మీకు నేర్పినంత ఏ సర్టిఫికెట్టూ నేర్పదు.

ఇంగ్లీషు గురించి. కావలసింది ముందుగా తప్పుల సందేశాలు చదవడం. పైథాన్ పొడవాటి సందేశం ఇచ్చినప్పుడు పైనుంచి కాకుండా చివరి వరుస నుంచి చదవండి, అసలు కారణం అక్కడే ఉంటుంది. దానికి కాస్త పైన వరుస సంఖ్య ఉంటుంది. "నేమ్ ఎర్రర్" అంటే మీరు వాడిన పేరు దానికి తెలియదని. అంటే స్పెల్లింగ్ తప్పో, ముందుగా విలువ ఇవ్వకపోవడమో. "ఇండెంటేషన్ ఎర్రర్" అంటే వరుసల మొదట్లోని ఖాళీలు కుదరలేదని. ఒక నోటుపుస్తకం పెట్టి, ఎడమవైపు వచ్చిన సందేశం, కుడివైపు అది ఎందుకు వచ్చిందో తెలుగులో రాసుకోండి. ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది కనుక పుస్తకం నిండకముందే సగం సందేశాలు చూడగానే అర్థమవుతాయి.

నమస్కారమండీ. మా అబ్బాయికి పదహారేళ్లు. పక్కింటివారి వైఫై పాస్‌వర్డ్ కనుక్కున్నానని నిన్న గొప్పగా చెప్పాడు. తెలివికి సంతోషించాలో, భయపడాలో తెలియడం లేదు. కంప్యూటరు తీసేసి దాచమంటారా?
— ఒక తల్లి, కోదాడ

కంప్యూటరు దాచకండమ్మా. వాడు మీ దగ్గర దాచకుండా చెప్పాడు, ఆ చనువు పోతే తిరిగి రాదు. అయితే చేసినది తప్పేనని మెత్తగానే, స్పష్టంగా చెప్పండి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకీ నెట్‌వర్క్‌లోకీ దురుద్దేశంతో చొరబడితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు గానీ, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సరదాకే చేశానని పోలీసు స్టేషన్‌లో నిరూపించుకునే పరిస్థితి పిల్లవాడికి రాకూడదు.

ఎవరైనా పాత రౌటరు ఇస్తే వాడికి ఇప్పించండి. సొంత రౌటరుకు తానే పాస్‌వర్డ్ పెట్టి తానే ఛేదించడానికి ప్రయత్నించవచ్చు, అందులో నేరం లేదు, నేర్చుకోవలసినదంతా ఉంది. ఈ ఆదివారం వాడిని వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లండి. జరిగింది వాడి నోటితోనే చెప్పించి, పాస్‌వర్డ్ ఎందువల్ల అంత తేలికగా దొరికిందో, రౌటరు సెట్టింగ్స్‌లో ఎక్కడ మార్చాలో వాడి చేతే వారికి చూపించండి. కొత్త పాస్‌వర్డ్ మాత్రం వారే కొట్టుకోవాలి, ఆ సమయంలో మీ అబ్బాయిని పక్కకు తిరిగి నిలబడమని చెప్పండి.