అద్దం దిగకపోతే మోటారే పోయినట్టా?

ప్రశ్న: మా పదేళ్ల హ్యాచ్‌బ్యాక్‌లో ఎడమవైపు ముందు డోర్ అద్దం దిగడం లేదు. ఆ డోర్ స్విచ్ నొక్కినా, డ్రైవర్ దగ్గరున్న స్విచ్ నొక్కినా చప్పుడు కూడా రాదు. మిగతా మూడూ బాగానే పనిచేస్తున్నాయి. మోటారు మార్చాలంటున్నాడు మెకానిక్. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే వద్దు. మోటారు కాలిపోయినా చప్పుడు రాదు, దానికి కరెంటు అందకపోయినా రాదు. ఏది జరిగిందో తేల్చాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ముందు ఫ్యూజు చూడండి. కొన్ని కార్లలో నాలుగు అద్దాలకూ కలిపి ఒకటే ఫ్యూజు, కొన్నింటిలో డోర్‌కొకటి. కాబట్టి మిగతావి పనిచేస్తున్నాయని ఫ్యూజు బాగున్నట్టు కాదు. కొత్తది వేయగానే మళ్లీ పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా అద్దం బిగుసుకుంది. అంతేగానీ 20 ఆంపియర్ల చోట 30 పెట్టకండి, ఈసారి కాలేది వైరింగే.

ఇక అసలు పరీక్ష. మీ అద్దం పైనే ఉంది కాబట్టి ‘పైకి’ నొక్కి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చీకట్లో ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, లోపలి లైటు చూస్తూ రెండు వైపులా నొక్కండి. పాత రకం బల్బయితే మోటారు కరెంటు లాగినప్పుడు కాస్త మందగిస్తుంది (ఎల్‌ఈడీ అయితే ఈ తేడా సరిగా తెలియదు). ‘పైకి’ నొక్కినప్పుడు మందగించి, ‘కిందికి’ నొక్కినప్పుడు మందగించకపోతే మోటారు నిక్షేపంగా ఉంది. లోపం స్విచ్‌లోనో వైరులోనో వెతకాలి. ఎటు నొక్కినా మందగిస్తూ అద్దం కదలకపోతే మోటారో, అద్దాన్ని ఎత్తి దించే మెషీనో బిగుసుకుపోయింది. అసలేమీ తేడా లేకపోతే ‘కిందికి’ నొక్కి పట్టుకుని డోర్ ప్యాడ్ (డోర్‌కు లోపలివైపున్న అట్ట) కింది భాగంలో పిడికిలితో రెండు దెబ్బలు వేయండి. అద్దం కదిలిందా, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయన్నమాట. అప్పుడు మెకానిక్ మాటే నిజం.

కదలకపోతే ప్యాడ్ విప్పక తప్పదు. మోటారు కప్లర్‌కు (వైర్లను కలిపే ప్లగ్గుకు) రెండే వైర్లుంటే దాన్ని ఊడదీసి, ఆ రెండు వైర్ల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపి స్విచ్ నొక్కండి. మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మకండి. వైరులో రాగి పోగులు ఆనీ ఆననట్టు తగులుతున్నా అది 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం గుడ్డిగానే వెలుగుతుంది. రెండు వైపులా బల్బు నిండుగా వెలిగితే మోటారు మార్చండి. వెలగకపోతే మోటారు జోలికి పోవద్దు. రెండు కంటే ఎక్కువ వైర్లున్న మోటారులో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉండొచ్చు. దానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వకూడదు.

బల్బు వెలగలేదనుకుందాం. చాలామంది తడబడేది ఇక్కడే. మామూలు వైరింగ్‌లో ఎడమ డోర్ మోటారుకు ఎర్తు (కరెంటు బాడీకి తిరిగి వెళ్లే దారి) నేరుగా ఉండదు. ఆ డోర్ స్విచ్ దాటి, డ్రైవర్ దగ్గరి మెయిన్ స్విచ్ మీదుగా వెళ్తుంది. అందుకే అక్కడ ఒక్క కాంటాక్టు మాడిపోతే ఇక్కడి స్విచ్ కొత్తదైనా అద్దం దిగదు. ఎడమ స్విచ్ కప్లర్ ఊడదీసి, మెయిన్ స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒక్కొక్కదానికీ బాడీకీ మధ్య, ఏ స్విచ్చీ నొక్కకుండా, మల్టీమీటరుతో ఓమ్స్‌లో కొలవండి. రెండూ సున్నాకు దగ్గరగా చూపాలి. ఒకటి చూపకపోతే మెయిన్ స్విచ్చో, మధ్యలో వైరో తెగింది.

ఆ వైరు తెగే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే: డోర్‌కీ పిల్లర్‌కీ మధ్యనున్న రబ్బరు గొట్టం. డోర్ తీసి వేసినప్పుడల్లా వైరు అక్కడే వంగుతుంది, పై తొడుగు బాగానే కనిపిస్తూ లోపల రాగి తెగుతుంది. స్విచ్ నొక్కి పట్టుకుని డోర్ మెల్లగా తెరుస్తూ మూస్తూ చూడండి, బల్బు మిణుకుమంటే దొరికినట్టే. అదే మందం ఉన్న, మెత్తగా వంగే వైరు వేసి, అతుకు ఆ వంపులో రాకుండా టంకం పెట్టి స్లీవ్ తొడగాలి. ఉత్త టేపు చుడితే మళ్లీ మొదటికొస్తుంది.

ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చింపేస్తే వానాకాలంలో డోర్‌లోకి దిగిన నీళ్లు కారు లోపలికి వస్తాయి. దాన్ని తిరిగి అతికించమని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నొక్కితే మోటారు గిర్రున తిరుగుతోంది, అద్దం మాత్రం డోర్‌లోకి జారిపోయింది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మోటారు బాగుంది. మెషీన్ కేబుల్ తెగింది, లేదా అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. ఇంక స్విచ్ నొక్కకండి, కేబుల్ డ్రమ్ముకు చుట్టుకుని చిక్కుపడుతుంది. అద్దాన్ని రెండు అరచేతులతో పైకి లాగి, ఫ్రేము మీదుగా రెండు పక్కలా అంటేలా టేపు వేసి ఆపండి. కేబుల్ తెగితే మెషీన్ మార్చాలి. కట్టుతీగతో కట్టిన అతుకు గతుకుల రోడ్డు మీద నిలవదు.

ప్రశ్న: అద్దం మూలుగుతూ ఎక్కి, సగంలో ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ ఎక్కుతుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మోటారు వేడెక్కి, లోపలున్న రక్షణ కట్ అవుట్ కరెంటును ఆపుతోంది. వేడెక్కడానికి కారణం చాలాసార్లు అద్దం జారే రబ్బరు ఛానల్‌లో దుమ్మే. అద్దం దించి, తడిగుడ్డ చుట్టిన స్కేలుతో ఛానల్ తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిలూ గ్రీజూ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. అప్పటికీ మూలిగితే మొదటి జవాబులో చెప్పిన ఇండికేటర్ బల్బు పరీక్ష చేయండి.