చింతలేర్లోనా, చింతలేట్లోనా?

సందేహం: ఒక చిన్న పట్టణాన్ని కల్పించి, అక్కడ జరిగే అపరాధ పరిశోధన కథలు వరసగా రాస్తున్నాను. ఊరి పేరు చింతలేరు. పక్కన పారే ఏటికీ అదే పేరు. నేను 'చింతలేరులో' అని రాస్తే ఒక మిత్రుడు 'చింతలేటిలో' అని దిద్దారు. ఏది సరి? చుట్టుపక్కల పల్లెలకు రామాపురం, సీతాపురం, కృష్ణాపురం అని పెట్టిన పేర్లు కూడా అతికినట్టు లేవన్నారు. నిజమేనా?

సమాధానం: రెండు రూపాలూ సరైనవే. కాని ఒకటి రాయవలసిన చోట రెండోది రాయకూడదు, మీ కథల్లో అయితే మరీను.

ఏరు, ఊరు, నోరు వంటి మాటలు విభక్తి చేరేముందు రూపు మార్చుకుంటాయి: ఏటికి, ఊరికి, నోటితో. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వీటిని ఔపవిభక్తికాలంది. మీ మిత్రుడు ఈ సూత్రాన్నే పట్టుకున్నారు. అయితే ఆ మాట ఊరి పేరుకు చివర చేరి స్థిరపడ్డాక వాడుక వేరే దారిన నడిచింది. 'మా ఊళ్ళో' అంటాం గాని 'గుంటూళ్ళో' అనం. నోట 'గుంటూర్లో', రాతలో 'గుంటూరులో'. ఖమ్మం జిల్లా వార్తలే చూడండి. వానలప్పుడు 'మున్నేటికి వరద' అంటారు, ఎన్నికలప్పుడు 'పాలేరులో పోటీ' అంటారు. మున్నేరు అక్కడ ప్రవాహం, పాలేరు నియోజకవర్గం.

ఇది మీకు పెద్ద వరం. 'శవం చింతలేట్లో దొరికింది' అంటే నీళ్ళలో, 'చింతలేర్లో దొరికింది' అంటే ఊళ్ళో. సాక్షి ఒకటి చెప్పగా రాసుకున్నవాడు ఇంకొకటి రాస్తే దర్యాప్తు దారే తప్పుతుంది. అనువాదంలో సులువుగా ఇమడని ఆధారం ఇది. అందుకే రెండింటినీ కలిపేయవద్దని పట్టుబడుతున్నాను.

పాత రూపం చెక్కుచెదరకుండా నిలిచినచోటు ఇంటిపేర్లు. నండూరు నుంచి నండూరి, కందుకూరు నుంచి కందుకూరి, దగ్గుబాడు నుంచి దగ్గుబాటి. ఆ లెక్కన మీ ఊరి నుంచి వచ్చే ఇంటిపేరు 'చింతలేటి'. ఊరి పేరు ఇంటిపేరుగా అతుక్కునేది ఎక్కువగా ఆ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకే. వెళ్ళినచోట జనం వాళ్ళను గుర్తుపట్టేది దానితోనే కదా. ఎక్కడినుంచో వచ్చిన చింతలేటివారబ్బాయి 'ఈ ఊరితో నాకే సంబంధమూ లేదు' అంటే మీ పరిశోధకుడు చెవి నిక్కించాలి.

ఇక పల్లెల పేర్లు. మీ మిత్రుడి మాట నిజమే. మూడూ దేవుళ్ళ పేర్లకు 'పురం' తగిలించినవే కావడంతో ఒకే చేయి ఒకే రోజున పెట్టినట్టున్నాయి. నిజమైన ఊళ్ళ పేర్లు వేర్వేరు కాలాల్లో చెట్టును బట్టి, నీటిని బట్టి, నేలను బట్టి వచ్చాయి. ముందు మీ చింతలేరు ఏ సీమలో ఉందో తేల్చుకోండి. 'లంక' అంటే గోదావరి, కృష్ణల పాయల నడిమి నేల గుర్తొస్తుంది. కొత్తవలసలోని 'వలస' ఉత్తరాంధ్రలో విరివిగా వినిపిస్తుంది. ఒంటిమిట్టలోని 'మిట్ట' కడప వైపు చెవికి అలవాటైన మాట. ఏదో ఒక పల్లెకు 'గూడెం' తగిలిస్తే 'గూడేనికి' అని రాయండి, 'గూడెంకు' వద్దు. 'పురం' కూడా 'పురానికి' అవుతుంది. వెళ్ళడం, రావడం చెప్పేటప్పుడు మాటల్లో ఆ 'కి' కూడా అక్కర్లేదు: 'నిన్న చింతలేరు వెళ్ళాడు'.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. మన పట్టణాల్లో చాలావాటికి రెండేసి పేర్లు. మచిలీపట్నమే బందరు. 2015లో ప్రభుత్వం రాజమహేంద్రవరం అని మార్చినా జనం నోట రాజమండ్రి పోలేదు. మీ పట్టణానికీ దస్తావేజుల్లో ఒక పేరు, నోటివాడుకలో ఒక పేరు ఉండనివ్వండి. మాటల్లో కూడా దస్తావేజు పేరే పలికేవాడు కొత్తవాడో, అధికారో అయి ఉంటాడు. ఏ పాత్ర నోట ఏ పేరు రావాలో మొదటి కథ నాడే కాగితం మీద పెట్టుకోండి.