పాఠకుల ప్రశ్నలు: తెర మీది రంగు ప్రింటులో ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: అనంతపురంలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు నేనే డిజైన్ చేసి ల్యాబ్‌కు పంపుతాను. ఈమధ్య ఒక ఆల్బమ్‌లో పెళ్లికూతురు కట్టుకున్న మెరూన్ ధర్మవరం పట్టుచీర కుచ్చిళ్లు నా మానిటర్ మీద మడత మడతగా కనిపించాయి గానీ, ప్రింటులో అంతా ఒకే ముదురు ముద్దగా వచ్చింది. పెళ్లికొడుకు నల్లకోటు గుండీలు కూడా కలిసిపోయాయి. ల్యాబ్‌వారు తప్పు ఫైలుదేనంటున్నారు. మానిటర్ మార్చాలా?
– స్టూడియో నిర్వాహకుడు, అనంతపురం

జవాబు: కొత్త మానిటర్ కొనే ముందు, ఉన్నదాని బ్రైట్‌నెస్ ఎంతలో ఉందో చూడండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ల్యాబ్‌వారి మాటే నిజం కావచ్చు. ప్రింట్లు చీకటిగా వస్తున్నాయనే ఫిర్యాదుకు మూలం చాలా సందర్భాల్లో అవసరానికి మించి వెలిగే తెరే. కాగితం తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది, తెర మాత్రం సొంతంగా వెలుగునిస్తుంది; అందువల్ల వెలుగెక్కువైన తెర ముందు కూర్చుని ఫొటోలు దిద్దేవారు, అవి కంటికి సరిపోయేదాకా తగ్గించుకుంటూ పోయి, తమకు తెలియకుండానే ఫైలును ముదురు చేసి పంపుతారు. ప్రింటింగు పనికి చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు చాలు. పూర్తి బ్రైట్‌నెస్‌లో ఉంచితే చాలా మానిటర్లు 250 దాటతాయి.

మొదట మానిటర్‌ను అరగంట వెలగనివ్వండి. రాత్రివేళ తెరను పసుపుగా మార్చే నైట్ లైట్‌ను ఆపేయండి. పడమటి కిటికీ ఉంటే పరదా వేయండి. మన అనంతపురం ఎండ మధ్యాహ్నం గదిలోకి వచ్చి పడుతుంటే ఉదయం సరిచేసిన తెర సాయంత్రానికి పనికిరాదు. తరువాత, రోజూ పనిచేసే ట్యూబ్‌లైటు వెలుతురులోనే, ప్రింటింగుకు వాడే తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఏమీ లేని తెల్ల పేజీని తెరిచి, రెండూ దాదాపు ఒకే వెలుగులో కనిపించే వరకు బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రెండు రోజులు తెర మసకబారినట్టు అనిపిస్తుంది. మళ్లీ పెంచకండి.

నలుపు సంగతి తరువాత. ఫొటోషాప్‌లో పూర్తి నలుపు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ సమానంగా 5, 10, 15, 20 విలువలిచ్చి నాలుగు చదరాలు గీయండి. 20 కూడా నలుపులో కలిసిపోతే మానిటర్ కోటు గుండీలను మింగేస్తోందన్నమాట. హెచ్‌డీఎంఐ తీగతో కలిపినవారు గ్రాఫిక్స్ సెట్టింగులలో రంగుల పరిధి పూర్తిగా, అంటే 0 నుంచి 255 వరకు ఉందో లేదో చూడాలి; అక్కడ 16 నుంచి 235 వరకు అని ఉంటే, నలుపు బూడిదరంగులో వెలిసినట్టు కనిపించవచ్చు, దాన్ని మార్చగానే అది చాలావరకు చక్కబడుతుంది.

మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్‌ను, అంటే తెలుపు పసుపు వైపు మొగ్గాలో నీలం వైపు మొగ్గాలో చెప్పే కొలతను, 6500 కెల్విన్‌కు పెట్టండి. విండోస్ స్టార్ట్‌లో డి, సి, సి, డబ్ల్యు అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు టైపు చేస్తే తెర రంగులు సరిచేసే క్యాలిబ్రేషన్ విజార్డ్ తెరుచుకుంటుంది, గామా (నలుపు తెలుపుల నడిమి ఛాయలు ఎంత వెలగాలో చెప్పే విలువ) 2.2 దగ్గర ఉండేలా అది చెప్పినట్టు సరిచేసుకోండి.

అయితే ఇదంతా కంటి కొలతే. పసుపు బల్బు కింద చూసిన కాగితాన్నీ, పగటి వెలుతురులో చూసిన కాగితాన్నీ మన కన్ను తెల్లకాగితంగానే ఒప్పుకుంటుంది. పక్కపక్కన పెడితే తేడా పట్టుకోగలదు గానీ, ఒక్క తెరను చూసి ఆ తెలుపు ఏ తెలుపో చెప్పలేదు. ఆ పని చేసేది కలరీమీటర్ అనే చిన్న పరికరం. తెర మీద వేలాడదీస్తే అది ఒక్కొక్క రంగునూ కొలిచి, ఆ మానిటర్‌కు ఒక ప్రొఫైల్, అంటే దాని రంగులను ఎలా సరిదిద్దాలో కంప్యూటర్‌కు చెప్పే ఫైలు, తయారుచేస్తుంది. ఊళ్లో నలుగురు స్టూడియోవారు కలిసి ఒకటి కొనుక్కుని నెలకోసారి వంతులవారీగా వాడుకోవడం మేలని నా అభిప్రాయం. ఒక మానిటర్ ప్రొఫైల్‌ను, మోడల్ ఒకటే అయినా సరే, మరొకదానికి పెట్టకండి.

ఇవన్నీ అయ్యాక అదే పట్టుచీర ఫొటోను తెరిచి చూడండి. కుచ్చిళ్లు ఇప్పుడు తెర మీద కూడా ముదురుగానే కనిపిస్తే కారణం దొరికినట్టే. ఫైలును దిద్ది, ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల పద్ధతిలో భద్రపరచి, ఆల్బమ్ మొత్తం కాకుండా ఒక్క 4×6 ప్రింటు తెప్పించి, గుమ్మం దగ్గర నీడపట్టున తెరతో పోల్చుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనే ముందు దుకాణంలోనే ఏం పరీక్షించాలి?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒకదాని తరువాత ఒకటి పెట్టించి, మాడిన లేదా ఒకే రంగులో నిలిచిపోయిన చుక్కల కోసం వెతకండి. నలుపు పెట్టినప్పుడు లైట్లు ఆపించి, మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి. నలుపు నుంచి తెలుపు వరకు క్రమంగా మారే పట్టీ మెట్లుమెట్లుగా విడిపోకూడదు. పక్కకు జరిగి చూసినప్పుడు మనిషి ముఖం రంగు మారిపోతే అది టీఎన్ అనే పాతరకం చవక తెర (ప్యానెల్) కావచ్చు; చదువుకోవడానికి పరవాలేదు గానీ ఫొటోల పనికి తీసుకోకండి.