కాకికి కోకిల ఏమవుతుంది?

ప్రశ్న: మా వేపచెట్టు మీద కాకి గూట్లో కోకిల పిల్ల పెరిగింది. రెండూ నలుపే కదా, చుట్టాలేనా? పిట్టల బంధుత్వాలు డీఎన్‌ఏతో తేలుస్తారట, ఎలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కాదండీ. ఒక గూట్లో తిని పెరిగితే బంధువులైపోయేట్టయితే మన హాస్టళ్లలో అందరూ అన్నదమ్ములే. పైగా నల్లగా ఉండేది మగ కోకిలే, గుడ్డు పెట్టిపోయే ఆడది గోధుమరంగు మీద తెల్లమచ్చలతో ఉంటుంది. ఇంకో మాట చెబితే కవులు తిడతారేమో గానీ, శాస్త్రం లెక్కలో పాటపిట్ట కాకే, కోకిల కాదు! పాటపిట్టలంటే గొంతు తియ్యనివని కాదు, ఊపిరిగొట్టం రెండుగా చీలేచోట ఉండే కూతపెట్టెకు ప్రత్యేకమైన కండరాలున్న వంశం.

ఇక డీఎన్‌ఏ సంగతి. పిట్టల నెత్తుటిలోని ఎర్రకణాల్లో డీఎన్‌ఏను దాచుకునే కేంద్రకం ఉంటుంది, మనవాటిలో ఉండదు, అందుకే వాటి నెత్తురు ఒక్క చుక్క చాలు. రెండు పిట్టల్లో ఒకే జన్యువును పక్కపక్కన పెట్టి దాని అక్షరాలు, అంటే డీఎన్‌ఏ పోగులో వరుసగా ఉండే నాలుగు రకాల రసాయన ముక్కలు, ఎక్కడెక్కడ మారాయో చూస్తారు, తేడాలు పెరిగేకొద్దీ అవి విడిపోయి అంత కాలమైందని అర్థం. ఒక్క జన్యువునే నమ్మితే దెబ్బతింటాం, అందుకని ఇప్పుడు వేల చోట్ల పోల్చి చూస్తున్నారు.

అక్షరాలు చదవడం గగనమైన 1980ల్లో సిబ్లీ, అల్‌క్విస్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పిట్ట డీఎన్‌ఏ పోగును ఇంకో పిట్ట పోగుతో జతచేసి, ఎంత వేడికి ఊడుతుందో కొలిచారు. తక్కువ వేడికే ఊడితే దూరపు చుట్టమన్నమాట. ఇంగ్లిషువాళ్లు ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి ఎర్రరొమ్ము పిట్టలకు తమ ఊరి రాబిన్ పేరే పెట్టేశారు గానీ, వాటికీ వీటికీ దగ్గర సంబంధం లేదని ఈ పద్ధతిలోనే బయటపడింది. పాటపిట్టలు పుట్టిందే ఆస్ట్రేలియా వైపున అని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మరి కాకికి చుట్టాలెవరంటారా? చేలో గేదె మీద కూర్చునే ఏట్రింత, పసుపుపచ్చగా మెరిసే వంగపండు పిట్ట. పిచ్చుక కన్నా ఇవే దానికి దగ్గర, వంగపండు రంగు చూసి ఎవరైనా అనుకుంటారా! మీ దొడ్లో తోకెత్తుకుని తిరిగే నల్లంచిని కూడా ఒకప్పుడు వేరే కుటుంబంలో రాసుకుని, డీఎన్‌ఏ చూశాక ఈగలు పట్టే పిట్టల్లోకి మార్చారు. దానికి మాత్రం ఈ గొడవేం పట్టినట్టు లేదు.