నక్షత్రాలను కొలిచే పనిలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, భౌతికశాస్త్రం. నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచే ఆస్ట్రోమెట్రీలో పరిశోధన చేస్తానంటోంది. ఆ పని చేసే గైయా ఉపగ్రహాన్నే ఆపేశారని చదివాను. ఇంకా కొలవడానికి ఏం మిగిలింది? ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. 2013 డిసెంబరులో అంతరిక్షంలోకి వెళ్లిన గైయా పరిశీలనలు 2025 జనవరిలో ముగిశాయి. మార్చిలో దాన్ని పూర్తిగా ఆపేశారు. అయితే ఆగింది యంత్రమే. అది పంపిన కొలతల నుంచి ఫలితాలు రాబట్టే పనికి ఇంకా ఏళ్లు పడుతుంది. 2022లో వచ్చిన మూడో విడతలో దాదాపు 180 కోట్ల ఖగోళ వస్తువుల వివరాలున్నాయి. అదంతా 34 నెలల పరిశీలన ఫలితం. ఐదున్నరేళ్ల పరిశీలనతో నాలుగో విడతను 2026 డిసెంబరులో ఇస్తామని ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. దాని కోసం సిద్ధం చేస్తున్న కొలతల్లోనే, సూర్యుడికి 33 రెట్ల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం ఒకటి 2024లో బయటపడింది. కంటికి కనిపించని దాన్ని, దాని తోడు నక్షత్రం ఊగిసలాటను కొలిచి పట్టుకున్నారు!

కాబట్టి పని ఉంటుందా అన్న దిగులు వద్దు. ఆ పని మీ అమ్మాయికి నచ్చుతుందా అన్నదే అసలు విషయం. ఇందులో టెలిస్కోపు దగ్గర గడిపే రాత్రులు తక్కువ, అంకెల పట్టికల ముందు గడిపే పగళ్లు ఎక్కువ. ఆ అంకెల్లో దాగిన పొరపాట్లను వెతకడమే ఈ శాస్త్రానికి ప్రాణం.

ఒక ఉదాహరణ చెబుతాను. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కనుక దగ్గరి నక్షత్రాలు ఏడాదిలో కాస్త అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తాయి. ఈ పారలాక్స్ నుంచే దూరం తెలుస్తుంది. క్వేసార్లు, అంటే సుదూర గెలాక్సీల మధ్య ఉండే అతి ప్రకాశవంతమైన కేంద్రాలు, ఎంత దూరంలో ఉన్నాయంటే, వాటి పారలాక్స్ సున్నా అనుకోవచ్చు. కానీ గైయా మూడో విడతలో వాటి సగటు సుమారు మైనస్ 0.017 మిల్లీ ఆర్క్‌సెకండ్లు వచ్చింది. ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు. ఇంత చిన్న తేడాతో ఏమవుతుంది అనిపిస్తుంది. 32,600 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రం పారలాక్స్ 0.1 మిల్లీ ఆర్క్‌సెకండ్లే. అక్కడ ఈ తేడా 17 శాతం! ఇది వినగానే 'ఎందుకొచ్చింది?' అని అడగాలనిపించేవారికి ఈ రంగం సరిపోతుంది.

సెలవుల్లో ఒక ప్రయత్నం చేయించండి. గైయా సమాచారం అందరికీ ఉచితం. ముందు బర్నార్డ్ నక్షత్రాన్ని తీసుకోమనండి. పారలాక్స్ సుమారు 0.547 ఆర్క్‌సెకండ్లు. ఒకటిని దానితో భాగిస్తే 1.83 పార్సెక్కులు (పార్సెక్కు అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం), అంటే దాదాపు 6 కాంతి సంవత్సరాలు. తర్వాత మసక నక్షత్రాల పట్టిక తెరవమనండి. కొన్నింటికి పారలాక్స్ మైనస్‌లో కనిపిస్తుంది. దూరం మైనస్ కాదు కదా అని చాలామంది ఆ వరుసలు తీసేస్తారు. అసలు విలువ కన్నా కొలతలోని అనిశ్చితి పెద్దదైనప్పుడు మైనస్ రావడం సహజం. వాటిని మాత్రమే తీసేస్తే మిగిలిన నక్షత్రాలన్నీ సగటున ఉన్నదాని కన్నా దగ్గరగా తేలతాయి. మీ అమ్మాయి ఆ వరుసల దగ్గర ఆగి ఆలోచిస్తే, ధైర్యంగా పంపించండి.

చదువు విషయానికొస్తే, పీజీ, తర్వాత పీహెచ్‌డీ తప్పవు. భౌతికశాస్త్రంతో పాటు గణాంకశాస్త్రం గట్టిగా పట్టాలి. చాలామంది విద్యార్థులు దాన్నే నిర్లక్ష్యం చేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

శాశ్వత పరిశోధన ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది మీ దగ్గర దాచను. అయితే గ్రహశకలాల దారి లెక్కగట్టడం, ఉపగ్రహాలనూ అంతరిక్ష శకలాలనూ గమనించడం, నక్షత్రాలను చూసి వ్యోమనౌక తన దిశ తెలుసుకునే పరికరాలు తయారుచేయడం... వీటన్నింటికీ ఇదే నైపుణ్యం కావాలి. డేటా సైన్స్ ఎలాగూ ఉంది. పీహెచ్‌డీలో చేరేముందు ఆ మార్గదర్శకుడి దగ్గర చదివినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో మీ అమ్మాయినే అడిగి తెలుసుకోమనండి.