సినిమాకి పెట్టింది నాలుగో వంతే

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. ఇద్దరిదీ కలిపి నెలకు 88 వేల దాకా వస్తుంది. ఇంటి లోను వాయిదా 21 వేలు, చీటీ 5 వేలు కడుతున్నాం. బాబు పదో తరగతి, పాప ఆరో తరగతి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆదివారం షాపు సెలవు కాబట్టి అందరం ఎక్కడికో ఒకచోటికి వెళ్తాం. సినిమా, హోటలు, మాల్‌లో పిల్లల గేములు అన్నీ కలిపి నెలకు 12 వేలు అవుతోంది. మూడేళ్ల క్రితం ఇందులో సగం కూడా అయ్యేది కాదు. పోనీ సంతోషంగా తిరిగొస్తామా అంటే అదీ లేదు, ఇంటికొచ్చేసరికి ఎవరో ఒకరి మొహం మాడిపోయి ఉంటుంది. అన్నీ మానేసి ఆ 12 వేలూ సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో, వేద్దామని నేనంటున్నాను. ఈలోగా మాల్‌లో ఏదో కూపన్ నింపితే హాలిడే మెంబర్‌షిప్ వాళ్లు ఫోన్ చేశారు. 1,80,000 కడితే పదేళ్లు, ఏడాదికి 6 రాత్రులు రిసార్టుల్లో ఉండొచ్చట. ఏటా మెయింటెనెన్స్ 9 వేలు, దానిపై జీఎస్టీ. ఈ వారం వారం ఖర్చు కన్నా అదే నయం కదా అని మావారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. మీ ఉత్తరంతో పాటు పంపిన బిల్లుల ఫొటోలు ముందు చూశాను. అసలు సంగతి వాటిలోనే ఉంది.

పోయిన నెల సినిమాకి వెళ్లిన ఆదివారమే తీసుకుందాం. ఐదు టికెట్లు, 250 చొప్పున 1,250. ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు, దాని మీద పన్ను కలిపి 175. పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు, రెండు నీళ్ల సీసాలు 1,140. పార్కింగ్ 60. సినిమా అయ్యాక హోటల్లో 2,183. మొత్తం 4,808 రూపాయలు. సినిమా చూద్దామని బయల్దేరారు, సినిమాకి పెట్టింది అందులో నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ దారిలో తగిలిన ఖర్చులే.

టైము లెక్క కూడా మీరే రాశారు. ఇంట్లోంచి బయల్దేరింది ఐదింటికి, తిరిగొచ్చింది పదకొండుంబావుకి. ఆరుంబావు గంటల్లో సినిమా రెండు గంటల నలభై నిమిషాలు. హోటల్ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో మన పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నది యాభై నిమిషాలు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది వేరే. తీరా బిర్యానీ వచ్చేసరికి పాప బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. దాని వాటా పార్సిల్ కట్టించుకొచ్చారు, తెల్లారి ఎవరూ ముట్టలేదు. ఈ చివరి మాట దగ్గర నేను కాసేపు ఆగాను. మీ సమస్య 12 వేలు కాదేమో అనిపించింది.

రేట్లు పెరిగాయి, నాణ్యత తగ్గింది అన్నది మీ ఒక్కరి అనుమానం కాదు. ఆ మధ్య మేమిద్దరం పెళ్లిరోజని ఓ పేరున్న చోటికి టిఫిన్‌కు వెళ్లాం. మెనూ కార్డు లేదు, బల్ల మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో చూసుకోవాలి. పెసరట్టు ఉప్మా వచ్చింది. అట్టు కాగితంలా ఉంది, మధ్యలో ఉప్మా రెండు చెంచాలు, అల్లం చట్నీ నీళ్లు కలిపినట్టు జారిపోతోంది. మంచినీళ్లు మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మేం కూర్చున్నంతసేపూ కౌంటర్ దగ్గర పార్సిల్ కుర్రాళ్లు ఫోన్లు చూపిస్తూ వరసలో నిలబడే ఉన్నారు. వంటగదికి ఇప్పుడు రెండు గుమ్మాలు. కూర్చున్నవాడు ఎలాగూ లేచి వెళ్లిపోడు కదా, పార్సిల్ ఆలస్యమైతే మాత్రం యాప్‌లో రేటింగ్ పడిపోతుంది. ముందు ఎవరికి వడ్డిస్తారో చెప్పక్కర్లేదు. అద్దె, కరెంటు, గ్యాసు, వంటమాస్టర్ల జీతాలు పెరిగినమాట నిజమే, యజమానిని పూర్తిగా తప్పుపట్టలేం. అయితే ఆ భారమంతా కూర్చుని తినేవాడి పళ్లెంలోంచే తగ్గుతోంది.

థియేటర్ సంగతి వేరు. టికెట్ డబ్బులో పెద్ద వాటా డిస్ట్రిబ్యూటర్‌కు పోతుంది. థియేటర్‌కు గట్టిగా మిగిలేది పాప్‌కార్న్ మీద. అందుకే ఇంటర్వెల్లో ఆ కౌంటర్ అంత వెలుగుతూ ఉంటుంది, బాత్రూమ్ దారి మాత్రం చీకటి.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్తాను. మన రాష్ట్రంలో పెద్ద సినిమాలకు జీవో ఇచ్చి రేటు పెంచుకోనిచ్చేది విడుదలైన మొదటి కొన్ని రోజులకే. మీరు వెళ్లింది మొదటి ఆదివారం. రెండో వారం దాటాక అదే సీటు, అదే సినిమా తక్కువకు వస్తుంది. జనం పలచబడతారు, ముందు వరసలో ఫోన్ వెలుగులూ తగ్గుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టికెట్‌పై జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మీ 250 టికెట్లో 38 రూపాయలు పన్నే. గాంధీనగర్ వైపు సింగిల్ స్క్రీన్లలో టికెట్ తక్కువ, పన్నూ తక్కువ. సత్యనారాయణపురం నుంచి కారు తీయక్కర్లేదు, ఆటోలో వెళ్లొచ్చు. కౌంటర్లో కొంటే బుకింగ్ ఫీజు ఉండదు. సౌండు మల్టీప్లెక్స్ అంత బాగుండకపోవచ్చు. మీ బాబు దానికి ఒప్పుకోకపోతే వాడి ఒక్కడికీ స్నేహితులతో వెళ్లమని 250 ఇవ్వండి. పదో తరగతి కుర్రాడికి అమ్మానాన్నల పక్కన కూర్చుని సినిమా చూడటమే శిక్ష, ఆ మాడిన మొహం ఎవరిదో నాకు కొంత అర్థమైంది.

నీళ్ల సీసాలు కొనకండి. బయటి తిండి వద్దనే హక్కు థియేటర్లకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాల్సిందేనని కూడా అదే కేసులో చెప్పింది. ఎక్కడున్నాయని అడగండి, మూలన ఎక్కడో పెట్టి ఉంటారు.

హోటల్ బిల్లులో మీరు గమనించని గీత ఒకటుంది. తిన్నది 1,890. దానిపై 10 శాతం సర్వీస్ ఛార్జ్ 189, ఆ రెండింటి మీదా కలిపి 5 శాతం జీఎస్టీ. సర్వీస్ ఛార్జ్ ప్రభుత్వ పన్ను కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే దాన్ని బిల్లులో తనంతట తాను కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తీసేయమని నెమ్మదిగా అడగండి, చాలాచోట్ల తీసేస్తారు. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. మీకైతే ఆ రోజు దాదాపు 200 మిగిలేవి. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే అతని చేతిలోనే పెట్టండి.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. అన్నీ మానేసి సిప్ వేయడం అనేది కాగితం మీద బాగుంటుంది. ఇన్నేళ్లలో అలా మానేసిన కుటుంబాలను చూశాను. రెండు నెలలు బిగబట్టుకుంటారు, మూడో నెల ఎవరో పుట్టినరోజని ఒక్కపూటలో 9 వేలు పోతాయి. వారమంతా షాపులో, స్కూల్లో నిలబడేవాళ్లకు ఆదివారం ఇంట్లోంచి కాలు బయటపెట్టడం అవసరం, దుబారా కాదు. కాబట్టి ఆ ఖర్చును సున్నా చేయొద్దు. నెలకు 6,500 అని హద్దు కట్టేయండి.

దానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ఒకటో తేదీన 6,500 అందులో వేసి, బయటికి వెళ్లినప్పుడు ఆ ఖాతా యూపీఐతోనే కట్టండి. ఇంటి ఖాతాతో కడితే ఎంత పోయిందో కనపడదు, క్రెడిట్ కార్డుతో అయితే వచ్చే నెల దాకా అసలు తెలియదు. ఒక నెల మిగిలితే మిగలనివ్వండి, అది సంసారం ఖాతాలోకి మళ్లీ రాకూడదు. ఈ షరతు లేకపోతే పిల్లలకు మీ లెక్క మీద నమ్మకం పోతుంది.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున అందరినీ ఒకే మాట అడగండి. ‘ఇంతే డబ్బు పెట్టి మళ్లీ అక్కడికే వెళ్దామా?’ అత్తయ్యగారిని కూడా అడగండి. ఆవిడ జవాబు కూడా ఓ నోట్‌బుక్‌లో రాయండి. మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, మీరు మామూలుగా రాసుకుపోయారు. వేసవిలో రైలెక్కి బాపట్ల వెళ్లి, స్టేషన్ నుంచి ఆటోలో సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చారు, ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్లారు, అందరికీ కలిపి 1,600 అయింది. పాప ఇప్పటికీ ఆ కబుర్లే చెప్తోందని మీరే రాశారు. ఆ తర్వాత మళ్లీ ఎందుకు వెళ్లలేదో మాత్రం రాయలేదు. బహుశా పొద్దున్నే లేవాలి కాబట్టి.

చవకగా ఉంటే చాలనీ అనను. భవానీ ద్వీపానికి లాంచీలో వెళ్లడం నాకిష్టం. కృష్ణలో వరద ఉన్నప్పుడు బోట్లు ఆపేస్తారు, పున్నమి ఘాట్ దాకా వెళ్లి తెలుసుకుంటే ఆటో డబ్బులు దండగ, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏడాదికి ఒకసారి నిజంగా మంచి హోటల్లో కూర్చుని 4 వేలు ఖర్చుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి, అదే వంటవాడు మీకు వేరే మనిషిలా వండి పెడతాడు. నా అభ్యంతరం నెలకు నాలుగు ఆదివారాలు, నాలుగూ ఓ మోస్తరుగా గడిచే ఈ పద్ధతి మీదే. మాల్‌లో గేముల కార్డుకి ప్రతిసారీ 500 రీఛార్జి చేస్తున్నారు, పావుగంటలో అయిపోతోంది. దాన్ని మాత్రం నిర్మొహమాటంగా కొట్టేయండి.

మిగిలిన 5,500 సిప్‌లో వద్దు. మీ బాబుకు వచ్చే జూన్‌లో ఇంటర్ ఫీజు కట్టాలి. బెజవాడలో ఆ ఫీజులు ఎలా ఉంటాయో టీచరుగా నాకన్నా మీకే బాగా తెలుసు. ఏడాదిలోపు కావాల్సిన డబ్బును షేర్లతో ముడిపెడితే, సరిగ్గా ఫీజు కట్టే నెలలో మార్కెట్ పడితే నష్టానికి అమ్ముకోవాలి. 3,500 బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో (ఆర్డీ) మే నెలకు చేతికొచ్చేలా వేయండి. అది మొత్తం ఫీజుకు చాలదు. చీటీ పాట కూడా ఏప్రిల్, మే నెలల వైపు పెట్టుకోండి. ఇప్పుడే పాడేసుకుంటే ఆ డబ్బు ఎటు పోతుందో నేను చెప్పగలను. ఆ చీటీ రిజిస్టరైన కంపెనీదా, తెలిసినవాళ్లు నడిపేదా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే ఈసారికి పూర్తి చేసి మళ్లీ కట్టకండి.

మిగతా 2,000 పాప పేరు చెప్పి పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్డీ. 2023 అక్టోబరులో దీని వడ్డీని 6.7 శాతం చేశారు. ఆ రేటు మీద నెలకు 2,000 చొప్పున ఐదేళ్లలో మీరు కట్టేది 1,20,000, చేతికొచ్చేది 1,42,700 చిల్లర. పాప ఇంటర్‌లో ఉన్నప్పుడు అక్కరకొస్తుంది. లక్షాధికారులు కారు, కానీ అప్పుడు ఇలాంటి ఉత్తరం రాసే పని ఉండదు.

ఇక మీవారి మెంబర్‌షిప్. ఆయన ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. ప్రతి వారం పర్సు తీసే బాధ కన్నా ఒకసారి కట్టేసి మర్చిపోవడం హాయిగా అనిపిస్తుంది. కానీ మర్చిపోనివ్వరు. 1,80,000ని పదేళ్లకు పంచితే ఏడాదికి 18,000. మెయింటెనెన్స్ 9,000, దానిపై 18 శాతం జీఎస్టీతో 10,620. కలిపితే 28,620. ఏడాదికి 6 రాత్రులంటే రాత్రికి 4,770 రూపాయలు పడింది. ఇందులో ప్రయాణం లేదు, తిండి లేదు. రిసార్టులో తిండి రిసార్టు రేటుకే తినాలి, రోడ్డు దాటి ఇడ్లీ తిందామంటే అక్కడ రోడ్డే ఉండదు. మెయింటెనెన్స్ పదేళ్లూ 9,000 దగ్గరే ఆగుతుందని ఎక్కడైనా రాసి ఇచ్చారేమో చూడండి. ఆ 1,80,000 మీ దగ్గరే ఉండి 6.5 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 11,700, అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీతో ఏటా ఒక ట్రిప్పు వెళ్లొచ్చు, అదీ నచ్చిన ఊరికి.

పైగా మీకు సెలవులు దొరికేది దసరా, సంక్రాంతి, వేసవి. ఊళ్లో అందరికీ అప్పుడే. ఆ తేదీల్లో గది అడిగితే ‘నిండిపోయాయండీ, ఆగస్టులో రండి’ అంటారు. నా దగ్గరికి ఇలాంటి మెంబర్‌షిప్ పత్రాలు పట్టుకుని వచ్చినవాళ్లలో అమ్మేద్దామన్నవాళ్లే ఎక్కువ, కొనేవాళ్లు దొరికినవాళ్లు తక్కువ. వాళ్లు ఇంకో మాట కూడా అంటారు, ‘ఈ రోజే సంతకం పెడితే 40 వేలు తగ్గింపు’ అని. దాని కోసం భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలనే షరతు పెడతారు, చల్లటి గదిలో కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడతారు, ఫ్రీ గిఫ్టుగా కుక్కరు ఇస్తారు. ఆ మీటింగ్‌కు మీరు వెళ్లకండి. కుక్కరు కావాలంటే బీసెంట్ రోడ్డులో కొనుక్కోండి.

మీవారు కాదు కూడదంటే ఒక్క పని చేయమనండి. వాళ్లు మళ్లీ ఫోన్ చేసినప్పుడు, డబ్బు కట్టక ముందే ఒప్పంద పత్రం మొత్తం వాట్సాప్‌లో పంపమని అడగమనండి, ముఖ్యంగా మెయింటెనెన్స్ పెంపు, రద్దు చేసుకుంటే తిరిగిచ్చే డబ్బు రాసిన పేజీలు. పంపితే నాకు పంపండి, చదివి చెప్తాను.